తొమ్మిది ఓట్లు: ఎలమంచిలి నియోజకవర్గ ఎన్నికల చరిత్ర

వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామము శాసనసభకు ఎలమంచిలి నియోజకవర్గములోను, లోకసభకు అనకాపల్లి నియోజకవర్గములోను చేరియున్నది. అంకుడు కర్ర బొమ్మల వలన ఈ గ్రామము పేరు దేశదేశములయందు వినబడుచున్నది. 2017 లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బొమ్మలను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. ఇచ్చటి ఓటును గూర్చి వ్రాసినవారు అరుదు. అయినను భారతదేశ ఎన్నికల చరిత్రలో నిలిచిపోయిన ఫలితము ఒకటి ఈ ప్రాంతమునకు చెందినది. 1989 లో అనకాపల్లి లోకసభ స్థానమునందు గెలిచినవారికిని ఓడినవారికిని నడుమ నుండిన భేదము తొమ్మిది ఓట్లు మాత్రమే. ఆ ముచ్చట చెప్పుటకు ముందు, ఓటు అనునది ఈ ప్రాంతపు సామాన్యుని చేతికి ఎట్లు వచ్చెనో కొంత తెలిసికొనవలసియున్నది.

పూర్వము ఎన్నిక యనునది లేకపోలేదు. మహాభారతము శాంతిపర్వములో గణరాజ్యముల మంచిచెడ్డలు ధర్మరాజునకు భీష్ముడు చెప్పినాడు. అంతఃకలహమే గణములను పాడుచేయునని ఆయన మాట. చోళరాజు మొదటి పరాంతకుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో, ఉత్తరమేరూరు శాసనములు చెక్కబడినవి. గ్రామసభ సభ్యులగుటకు అర్హులైనవారి పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, చిన్న బాలునిచేత తీయించెడివారని వానివలన తెలియుచున్నది. ముప్పదియైదు ఏండ్లకు తక్కువ, డెబ్బది ఏండ్లకు ఎక్కువ వయస్సు గలవారు పనికిరారు. స్వంత నేల, స్వంత ఇల్లు ఉండవలెను. అన్నిటికంటె మెచ్చదగిన నిబంధన మరియొకటి కలదు. పూర్వము పదవిలో నుండి లెక్కలు ఒప్పగింపని వానికి, వాని దగ్గరి బంధువులకు కూడ ఆ కుండలో చోటు లేదు. ఈ నిబంధన నేటికిని ఉండియుండిన ఎన్ని కుండలు ఖాళీగా మిగులునో పాఠకులే ఊహింపగలరు. కాని అది చీట్ల పద్ధతియే గాని ఓటు కాదు. ఊరివారందరికిని అందులో పాలు లేదు.

ఎలమంచిలి ప్రాంతమును ఎలమంచిలి చాళుక్యులు పాలించిరి. పంచదార్లలో వారి శాసనములు నేటికిని నిలిచియున్నవి. దేవునికి దీపము, బ్రాహ్మణునికి భూమి, రాజునకు బిరుదము ఆ రాళ్ళమీద కనబడును. రైతు అభిప్రాయము వానిలో కనబడదు. తరువాత జమీందారుల కాలము వచ్చెను, ఇంగ్లీషువారి కాలము వచ్చెను. సర్వసిద్ధి తాలూకాకు ఎలమంచిలి ముఖ్యపట్టణమయ్యెను. కచేరీకి రైతు శిస్తు కట్టుటకు పోయెడివాడు, అర్జీ పెట్టుటకు పోయెడివాడు. ఓటు వేయుటకు మాత్రము చాలకాలము వరకు పోలేదు.

1920 లో మదరాసు శాసనమండలికి ఎన్నికలు వచ్చినప్పుడు ఆస్తి గలవారికి, పన్ను కట్టువారికి మాత్రమే ఓటు ఉండెను. 1935 చట్టము క్రింద 1937 లో జరిగిన ఎన్నికలలో ఓటర్ల సంఖ్య పెరిగినను, దేశము మొత్తముమీద సుమారు 3 కోట్లకు మించలేదు. ఆ స్వల్ప ఓటుతోనే మదరాసు రాష్ట్రములో 215 స్థానములకు 159 స్థానములు కాంగ్రెసు గెలుచుకొనెను. నాటి విశాఖపట్టణము జిల్లాలోనిదే యగు బొబ్బిలిలో, అంతవరకు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారిని వరాహగిరి వేంకటగిరిగారు ఓడించిరి. కోట ఎదుటనే కోట ప్రభువు ఓడుటను జిల్లాలోని జమీందారీ రైతులు కన్నులార చూచిరి. పెట్టెలో పడు కాగితమునకు ఇంతటి బలమున్నదా యను ఆశ్చర్యము వారికి అప్పుడే కలిగియుండవలెను.

ఏటికొప్పాక విషయములో మాత్రము చెప్పదగిన విశేషము ఒకటి కలదు. 1933 లో ఇచ్చట సహకార పద్ధతిమీద చక్కెర కర్మాగారము వెలసినది. దేశములోని సహకార చక్కెర కర్మాగారములలో ఇది మొట్టమొదటి వరుసలోనిది. సహకార సంఘపు సూత్రమేమనగా, వాటాలు ఎన్ని యున్నను సభ్యునికి ఓటు ఒక్కటే. పది ఎకరముల చెరకు వేసినవాడును, ముప్పావు ఎకరము వేసినవాడును సంఘములో సమానులు. వయోజనులందరికిని శాసనసభకు ఓటు వచ్చుటకు పందొమ్మిది ఏండ్ల ముందే, చెరకు రైతు చేయెత్తి తన డైరెక్టరును తాను ఎన్నుకొనుట నేర్చినాడు. సంఘములో తగవులు లేవని కాదు. తగవును ఓటుతో తీర్చుకొనవచ్చునను అభ్యాసము కలిగినదనియే చెప్పవలసినది.

1952 వ సంవత్సరము వచ్చెను. ఇరువదియొక్క ఏండ్లు నిండిన ప్రతివారికిని, స్త్రీపురుష భేదము లేక, చదువు సంధ్యలతో పని లేక ఓటు కలిగెను. దేశములో 17 కోట్ల 32 లక్షల పేర్లు జాబితాలకెక్కినవి. ఆ జాబితాలు తయారగుట సామాన్యమైన పని కాదు. గ్రామములలో కరణములు ఇంటింటికి తిరిగి, అరుగుమీద కూర్చుండి పేర్లు వ్రాసిరి. ఉత్తర భారతములో చాలచోట్ల స్త్రీలు తమ పేరు పరాయివానికి చెప్పుటకు ఇష్టపడక, ఫలానావాని భార్య, ఫలానావాని కుమార్తె యని మాత్రమే వ్రాయించుకొనిరి. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్‌గారు అట్టి పేర్లను అంగీకరింపలేదు. దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితాలనుండి తొలగిపోయినవి. తెలుగుదేశములో ఆ చిక్కు అంతగా లేదు. ఇచ్చటి ముసలమ్మలు తమ పేరు చెప్పుటయే గాక, ఇంటిపేరు తప్పు పడినదేమో చదివి వినిపింపుమని కరణమునే అడుగగలిగినవారు.

నాటి ఓటు పద్ధతి నేటివారికి వింతగా తోచును. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనుపపెట్టె. పెట్టెమీద గుర్తు అంటించియుండెడిది. ఓటరు లోనికి పోయి, తన కాగితమును తనకిష్టమైన గుర్తుగల పెట్టెలో వేయవలెను. కాగితముమీద ముద్ర వేయు పనిలేదు. కాడి మోయు ఎడ్ల జత కాంగ్రెసునకు, కంకి కొడవలి కమ్యూనిస్టులకు గుర్తులు. కొందరు పెట్టెకు నమస్కరించి, పూవులు కూడ వేసిరని నాటి ఎన్నికల అధికారులు దేశము నలుమూలలనుండి వ్రాసిన సంగతియే. అభ్యర్థి ఎవరో తెలియకపోయినను, పెట్టెలో దైవమున్నదని వారు నమ్మిరి. నవ్వవలసిన విషయము కాదు. ఆ తరువాతి వారిలో ఆ భక్తి ఎంత మిగిలినదో చూచుకొన్నప్పుడు నవ్వు రాదు.

ఆ ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే లభించినవి. విశాఖపట్టణము నుండి లోకసభకు స్వతంత్ర అభ్యర్థి లంకా సుందరంగారు ఎన్నికైరి. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రియైరి. 1954 నవంబరులో మద్యనిషేధపు విషయమై సభలో వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గెను. ఆంధ్రకేసరి ప్రభుత్వము పడిపోయెను. సభలో ఒక్క చేయి అటునుండి ఇటు వచ్చినను ప్రభుత్వము నిలిచెడిది. మరల నలువదియైదు ఏండ్లకు, 1999 ఏప్రిల్ 17 వ తేదీన, ఢిల్లీలో వాజపేయిగారి ప్రభుత్వము కూడ ఒక్క ఓటుతోనే కూలినది.

1955 లో మధ్యంతర ఎన్నికలు జరిగినవి. కాంగ్రెసు దాని మిత్రపక్షములు కలిసి 196 స్థానములలో 146 గెలుచుకొన్నవి. కమ్యూనిస్టులకు సుమారు 31 శాతము ఓట్లు వచ్చియు 15 స్థానములు మాత్రమే దక్కినవి. ఓట్లు వేరు, స్థానములు వేరు అను పాఠము ఆంధ్రులకు ఆనాడే బోధపడెను. అప్పుడు ఎన్నికైన సభ్యులే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట కూడ కొనసాగిరి. అందుచేత 1957 లో తెలంగాణమువారు శాసనసభకు ఓటు వేయగా, ఎలమంచిలివారు పార్లమెంటుకు మాత్రమే వేసిరి. శాసనసభకు మరల ఓటు వేయుటకు 1962 వరకు ఆగవలసివచ్చెను.

1962 లో మార్పులు చాల కలిగినవి. పెట్టెల వరుస పోయి, అందరి గుర్తులును ఒకే కాగితముమీదికి వచ్చినవి. ముద్ర వేయు విధానము స్థిరపడినది. మైసూరులో తయారైన చెరగని సిరా ఆ ఏటి సార్వత్రిక ఎన్నికలకు వచ్చెను. ఆ సిరా చేయు సంస్థ 1937 లో లక్క, రంగుల కర్మాగారముగా ప్రారంభమైనది. లక్కపిడతలు చేయు ఊరివారి వ్రేలిమీద ఓటు గుర్తు పెట్టు సిరా కూడ లక్క కర్మాగారమునుండియే వచ్చుట చిత్రముగా నున్నది. అనకాపల్లి పేర లోకసభ స్థానము ఏర్పడినదియు అప్పుడే. మిస్సుల సూర్యనారాయణమూర్తిగారు 1962, 1967 సంవత్సరములలో కాంగ్రెసు పక్షమున గెలిచిరి.

ఆ రెండు ఎన్నికల నడుమ ఉక్కు ఉద్యమము నడచినది. 1966 అక్టోబరులో టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. నవంబరు 1 న విశాఖలో కాల్పులు జరిగినవి. 1967 లో విశాఖపట్టణము ఓటరులు తెన్నేటి విశ్వనాథంగారిని స్వతంత్రునిగా లోకసభకు పంపిరి. ప్రక్కనున్న అనకాపల్లి మాత్రము కాంగ్రెసునే నిలుపుకొనెను. పట్టణము ఒక త్రోవ, పల్లెలు ఒక త్రోవ. ఎస్.ఆర్.ఎ.ఎస్. అప్పలనాయుడుగారు 1971, 1977, 1980 లలో మూడుసార్లు వరుసగా కాంగ్రెసు పక్షమున గెలిచిరి. 1977 లో ఉత్తరభారతమంతయు ఇందిరాగాంధీగారికి ఎదురు తిరిగినను, ఆంధ్రప్రదేశములోని 42 స్థానములలో 41 కాంగ్రెసువే. ఈ కాలమును గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. గుర్తు ఎడ్ల జత నుండి ఆవు దూడకు, ఆవు దూడ నుండి హస్తమునకు మారినదే గాని ఓటరు చేయి మారలేదు.

చేయి మారినది 1983 లో. 1982 మార్చి 29 న నందమూరి తారక రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. తొమ్మిది నెలలకే రాష్ట్రము వారి వశమయ్యెను. 1984 జనవరిలో ఆ ప్రభుత్వమే కరణము మునసబు పదవులను రద్దుచేసెను. 1952 లో ఓటర్ల పేర్లు వ్రాసిన కలము ఆ విధముగా ఓటు వలన ఏర్పడిన ప్రభుత్వముచేతనే ఆగిపోయెను. కొందరు సంతోషించిరి, కొందరు దుఃఖించిరి. ఇరుపక్షములకును కారణములు లేకపోలేదు. 1984 డిసెంబరు లోకసభ ఎన్నికలలో అనకాపల్లి నుండి తెలుగుదేశము అభ్యర్థి పెతకంశెట్టి అప్పలనరసింహంగారు గెలిచిరి. 1985 లో ఎలమంచిలి శాసనసభ స్థానము పప్పల చలపతిరావుగారి ద్వారా ఆ పార్టీకే దక్కెను.

ఇక 1989. ఆ ఏడు మార్చి 28 నుండి అమలులోనికి వచ్చిన అరువదియొకటవ రాజ్యాంగ సవరణ వలన ఓటు వయస్సు 21 నుండి 18 కి తగ్గెను. నవంబరులో లోకసభకును శాసనసభకును ఒకేసారి ఎన్నికలు జరిగినవి. పదునెనిమిది ఏండ్ల పిల్లలు తండ్రుల వెంబడి వరుసలో నిలువబడి రెండేసి కాగితములు పుచ్చుకొనిరి. రాష్ట్రములో గాలి కాంగ్రెసువైపు వీచినది. 42 లోకసభ స్థానములలో 39 కాంగ్రెసునకు దక్కినవి. శాసనసభలోను ఆ పార్టీయే నెగ్గగా మర్రి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

అంత గాలిలోను ఎలమంచిలి ఒరగలేదు. శాసనసభకు మరల పప్పల చలపతిరావుగారే గెలిచిరి. అనకాపల్లి లోకసభ స్థానములో మాత్రము లెక్క ముగియునప్పటికి ఎవరికిని నోట మాట లేదు. తెలుగుదేశము పక్షమున అప్పలనరసింహంగారు, కాంగ్రెసు పక్షమున కొణతాల రామకృష్ణగారు. ఇద్దరికిని చెరి రెండు లక్షల తొంబదితొమ్మిది వేల పైచిలుకు ఓట్లు. అందులో కొణతాలవారికి తొమ్మిది ఎక్కువ. దాదాపు ఆరు లక్షల మంది ఈ ఇరువురికి వేసిన ఓట్లను తక్కెడలో పెట్టగా, ముల్లు తొమ్మిది కాగితముల బరువుకు ఒరిగినది. లోకసభ ఎన్నికల చరిత్రలో ఇంతకంటె తక్కువ భేదము లేదు. 1998 లో రాజమహల్ స్థానమునుండి సోమ్ మరాండీగారు గెలిచినదియు తొమ్మిది ఓట్లతోనే. ఈ విషయములో అనకాపల్లికి సాటి అదొక్కటియే.

తొమ్మిది మందియనగా ఎంత? ఒక ఎడ్లబండిలో కొంచెము ఇరుకుగా కూర్చుండువారు. ఒక పెద్ద కుటుంబము. ఒక తరిణెశాలలో ఒక పూట పనిచేయువారు. వీరిలో అయిదుగురు కాగితమును ఇటు మార్చి అటు వేసియుండిన ఫలితమే తారుమారగును. కాగితపు ఓట్ల కాలములో ముద్ర రెండు గుర్తుల నడుమ పడినందున, సిరా మడతలో అంటుకొన్నందున, వ్రేలిముద్ర వేసినందున చెల్లకపోవు ఓట్లు ఉండెడివి. ఆ పరిమాణముగల నియోజకవర్గములో అవి వేలలో ఉండుట మామూలు. కాగితము మడుచుటలో జాగ్రత్త తప్పిన చేతులు తొమ్మిదికి ఎన్ని రెట్లున్నవో యోచింపవచ్చును. ఆ పూట పొలములో నీరు పెట్టుటకు పోయినవారు, పెండ్లికి పొరుగూరు పోయినవారు, జాబితాలో ఇంటిపేరు తప్పుపడి వెనుకకు తిరిగినవారు ప్రతి గ్రామములోను ఉందురు. వారిని లెక్కకు తీసికొన్నచో తొమ్మిది అను సంఖ్య మరింత చిన్నదగును.

ఆ తొమ్మిది ఓట్లు ఎవరివి? ఎలమంచిలివా, చోడవరమువా, నర్సీపట్టణమువా? ఒక లోకసభ స్థానమునకు ఏడు శాసనసభ నియోజకవర్గములు. కాగితపు కాలములో పలు కేంద్రముల ఓట్లను కలిపివేసి లెక్కించెడివారు. ఏ ఊరు ఎవరికి వేసినదో తెలియకుండ, గెలిచినవారు ఏ ఊరిమీదను పగ సాధింపకుండ చేసిన ఏర్పాటది. అందువలన ఆ తొమ్మిది తమవేయని ఏ గ్రామము చెప్పుకొన్నను కాదనుటకు ఆధారము లేదు. ఏటికొప్పాకవారు చెప్పుకొన్నను అంతియే. ఓడినవారి పక్షమున, ఆ తొమ్మిది మందిని తాము తీసికొని రాలేకపోయితిమని ప్రతి గ్రామము బాధపడినను అంతియే. రెండింటికిని సమానమైన హక్కు కలదు.

శాసనసభలకు ఇంతకంటె దగ్గరి ఫలితములు వచ్చినవి. 2004 లో కర్ణాటకలోని సంతేమరహళ్ళిలో ఎ.ఆర్. కృష్ణమూర్తిగారు ఒక్క ఓటుతో ఓడిరి. 2008 లో రాజస్థానములోని నాథద్వారములో సి.పి. జోషీగారు 62,215 ఓట్లు పొందియు, 62,216 పొందినవారి చేతిలో ఓడిరి. అచ్చట లక్షపైచిలుకు ఓట్లు, ఇచ్చట ఆరు లక్షలు. నిష్పత్తి చూచినచో అనకాపల్లి తొమ్మిది నాథద్వారపు ఒకటికి మిక్కిలి దూరమున లేదు.

తరువాతి ముచ్చట త్వరగా చెప్పవచ్చును. 1991 లో కొణతాలవారే మరల లోకసభకు వెళ్ళిరి. 1994 లో ఎలమంచిలి శాసనసభకు చలపతిరావుగారు మూడవసారి గెలిచిరి. లోకసభకు 1996 లో చింతకాయల అయ్యన్నపాత్రుడుగారు, 1998 లో గుడివాడ గురునాథరావుగారు, 1999 లో గంటా శ్రీనివాసరావుగారు. మూడేండ్లలో మూడు ఎన్నికలు, ముగ్గురు సభ్యులు. వ్రేలిమీద సిరా ఆరుటకే వ్యవధి లేకపోయెను. 1999 శాసనసభ ఎన్నికలో గొంతిన వెంకట నాగేశ్వరరావుగారు తెలుగుదేశము పక్షమున గెలిచిరి.

2004 లో 1989 నాటి చిత్రమే తలక్రిందుగా కనబడినది. రాష్ట్రములో మరల గాలి కాంగ్రెసుది. తెలుగుదేశమునకు 42 లోకసభ స్థానములలో అయిదే మిగిలినవి. ఆ అయిదింటిలో అనకాపల్లి యొకటి. గెలిచినవారు పప్పల చలపతిరావుగారు. ఎలమంచిలి శాసనసభ స్థానము మాత్రము కాంగ్రెసు పక్షమున ఉప్పలపాటి వెంకట రమణమూర్తిరాజుగారికి, ప్రజలు కన్నబాబు అని పిలుచువారికి, దక్కెను. 1989 లో శాసనసభకు సైకిలు, లోకసభకు హస్తము; 2004 లో శాసనసభకు హస్తము, లోకసభకు సైకిలు. లోకసభ ఫలితము ఏడు నియోజకవర్గముల ఓట్లు కలిసినది గనుక, ఎలమంచిలి ఓటరులే రెండు యంత్రములలో రెండు విధములుగా వేసిరని దీనినిబట్టి తీర్మానించుట తొందరపాటగును. అయినను ఈ ప్రాంతము రాష్ట్రపు గాలికి తలయూపుచు పోవునది కాదని మాత్రము రెండుసార్లు ఋజువైనది.

2004 నుండి రాష్ట్రమంతట ఓటు యంత్రములు వచ్చినవి. చెల్లని ఓటు బెడద తీరినది. కాని యంత్రము వలన మరియొకటి వచ్చినది. ఏ కేంద్రములో ఎవరికెన్ని పడినవో అంకెలు బయటికి తెలియును. వెనుకటి కలుపుడు లెక్కతో గ్రామమునకు ఉండిన మరుగు పోయినది. ఇప్పుడు తొమ్మిది ఓట్ల తేడా వచ్చినచో అవి ఏ ఊరివో వెదకుటకు పూనుకొనువారు ఉందురు. అది మేలో కీడో వాదమునకు తావున్నది. మేలని మాత్రము చెప్పుట కష్టము.

2009 లో కొత్త హద్దులతో ఎలమంచిలి, అచ్యుతాపురము, రాంబిల్లి, మునగపాక మండలములు కలిసి ఈ నియోజకవర్గమైనవి. అప్పుడును కన్నబాబుగారే గెలిచిరి. లోకసభకు సబ్బం హరిగారు ఎన్నికైరి. చెరకు, బెల్లము ఓటరు నోట వినబడుచుండిన ఈ సీమలో అచ్యుతాపురము ఆర్థిక మండలి, భూమి ఇచ్చినవారి పరిహారము, కర్మాగారములలో ఉద్యోగములు ఎన్నికల మాటలైనవి. 2014 లో రాష్ట్ర విభజన అనంతరము పంచకర్ల రమేష్‌బాబుగారు తెలుగుదేశము పక్షమున, 2019 లో మరల కన్నబాబుగారు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున శాసనసభకు వెళ్ళిరి. అదే 2019 లో బీశెట్టి వెంకట సత్యవతిగారు అనకాపల్లినుండి లోకసభకు ఎన్నికైరి. 1962 లో ఏర్పడిన ఈ స్థానము ఒక స్త్రీని పార్లమెంటుకు పంపుటకు ఏబదియేడు సంవత్సరములు పట్టినది.

2022 ఏప్రిల్ 4 న అనకాపల్లి జిల్లా ఏర్పడినది. 2024 మే 13 న పోలింగు జరిగినది. శాసనసభకు జనసేన అభ్యర్థి సుందరపు విజయకుమార్‌గారు గాజు గ్లాసు గుర్తుమీద, లోకసభకు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సి.ఎం. రమేష్‌గారు కమలము గుర్తుమీద గెలిచిరి. మూడు పక్షములు ఒడంబడిక చేసికొని స్థానములు పంచుకొన్నందున, 1983 నుండి ఈ ప్రాంతపు ఓటరు కన్నులకు అలవాటైన సైకిలు ఆనాడు శాసనసభ యంత్రములోను లేదు, లోకసభ యంత్రములోను లేదు. నలువదియేండ్లు చేతితో వెదకి నొక్కిన గుర్తు కనబడక, వయస్సు మళ్ళినవారు యంత్రము ముందు కొంచెముసేపు నిలువబడి చూచి, తరువాత మీట నొక్కిరి.